పాయింట్లు పోయె... పెట్టె వచ్చె!

ట్రాక్టర్‌కు అక్కర్లేదు - మందు పంపుకు మాత్రం అదే ప్రాణం

మిరప తోటలో తామర పురుగు పడింది. పత్తి చేలో పచ్చదోమ ఎక్కింది. డ్రమ్ములో మందు కలిపి పెట్టారు. కైకిలి మనిషి పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. తాడు ఇరవైసార్లు గుంజినా పెట్రోలు పంపు మాత్రం ఉలకదు, పలకదు. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంటుంది. ఇవాళ మందు కొట్టకపోతే రేపు వాన వస్తుందేమోనన్న బెంగ. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట, మహబూబాబాద్ వైపు ఏ ఊళ్లోనైనా పురుగు ఉధృతంగా ఉన్న రోజుల్లో ఇది కొత్త సంగతేమీ కాదు.

పంపును మెకానిక్ షెడ్డుకు మోసుకెళితే సాధారణంగా వినిపించే మాట ఒకటుంది. పాయింట్లు ఖరాబయ్యాయి, ఎలక్ట్రానిక్‌ది వేయించుకుంటే మళ్లీ మళ్లీ తిరగాల్సిన పని ఉండదని. ఈ మాట విన్న రైతుకు ఇంటి ముందున్న పాత ట్రాక్టర్ కూడా గుర్తుకు రావడం సహజం. చలికాలం పొద్దున అదీ మొరాయిస్తుంది కదా, దానికీ ఎలక్ట్రానిక్‌ది వేయిస్తే సరిపోతుందా అన్నది అనుమానం.

సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ముందు పాయింట్లంటే ఏమిటో తెలియాలి.

రెండు చిన్న బిళ్లలు

పెట్రోలు ఇంజను నడవాలంటే సిలిండరులో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వకు వేల వోల్టుల కరెంటు కావాలి. అంత కరెంటును కాయిల్ పుట్టిస్తుంది. అయితే కాయిల్‌లో పారుతున్న కరెంటును ఉన్నట్టుండి తెంపితేనే ఆ వోల్టేజి పుడుతుంది. ఆ తెంపే పనే పాయింట్లది. ఒకదానికొకటి ఆనుకుని ఉండే రెండు చిన్న బిళ్లలవి. ఇంజను తిరిగేటప్పుడు ఒక క్యామ్ వచ్చి వాటిని విడదీస్తుంది. విడిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర రవ్వ పడుతుంది. బిళ్లల మధ్యే మెరుపు పుట్టి అవి కాలిపోకుండా పక్కనే కండెన్సరు కాపలా ఉంటుంది.

బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చింది అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1910 నాటి కాడిలాక్ కార్లకు దీన్ని బిగించారు. బ్యాటరీ లేకుండా అయస్కాంతంతోనే అధిక వోల్టేజి పుట్టించే మాగ్నెటోను అంతకుముందే, 1902లో, జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనాల్డ్ తయారు చేశాడు. పెట్రోలు మందు పంపులో ఉండేది ఈ మాగ్నెటో సంతానమే. తాడు గుంజితే తిరిగే చక్రంలో అయస్కాంతాలుంటాయి. పాత పంపుల్లో పాయింట్లు ఆ చక్రం కిందే దాక్కుని ఉంటాయి.

ఆ బిళ్లలు పడే కష్టం తక్కువేమీ కాదు. నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగే టూ స్ట్రోక్ ఇంజనులో పాయింట్లు సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. వాటి మధ్య సందు సాధారణంగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. క్యామ్‌కు రాసుకునే మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, రవ్వ పడే సమయం వెనకపడుతుంది, ఇంజను బలం చచ్చిపోతుంది. కండెన్సరు పాడైతే మరీ నష్టం. ఒక బిళ్ల మీద గుంట, రెండోదాని మీద కుప్ప కనిపిస్తే అనుభవమున్న మెకానిక్ ముందుగా కండెన్సరునే అనుమానిస్తాడు.

ట్రాక్టర్‌కు ప్లగ్గే లేదు

మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లు డీజిలువి. డీజిలు ఇంజనులో ప్లగ్గు ఉండదు, కాయిల్ ఉండదు, పాయింట్లూ ఉండవు. గాలిని పదహారు, పద్దెనిమిది వంతుల్లో ఒక వంతుకు కుదించేసరికి అది భగభగ వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ ద్వారా డీజిలు చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. రవ్వతో పనే లేదు.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలైందే డీజిలుతో. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్, 1960లో మద్రాసులో టాఫే, 1963లో బొంబాయిలో మహీంద్రా వారి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ, 1971లో హెచ్.ఎం.టి., 1974లో స్వరాజ్ వచ్చాయి. ఎంత పాతదైనా వీటిలో దేనికీ పాయింట్లు వెతకనక్కర్లేదు. కొన్ని ఇంజన్లకు హీటర్ ప్లగ్గు ఉండే మాట నిజమే. అది చలిలో లోపల వేడి పుట్టించడానికే తప్ప రవ్వ కోసం కాదు.

మరి ట్రాక్టర్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అన్న ముచ్చట ఎక్కడిది? అది అమెరికా, ఇంగ్లాండు దేశాలది. అమెరికాలో 1947 నుంచి 1952 వరకు తయారైన ఫోర్డ్ 8ఎన్ పెట్రోలు ట్రాక్టర్. ఇంగ్లాండులో 1946 నుంచి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 కూడా మొదట పెట్రోలుతోనే వచ్చింది, ఆ తర్వాత కిరసనాయిలు వంటి నూనెతో నడిచే రకం, 1951 నుంచి డీజిలు రకం వచ్చాయి. రెండూ ఐదేసి లక్షలకు పైగా తయారయ్యాయి. అక్కడివారు ఆ పాతవాటిని ఇప్పటికీ మురిపెంగా దాచుకుంటున్నారు. గడ్డి కోయడానికి, ప్రదర్శనల్లో తిప్పడానికి వాడుకుంటున్నారు. మన దగ్గర ట్రాక్టర్ దున్నాలి, దమ్ము చేయాలి, పత్తి మార్కెట్‌కు మోయాలి, పెళ్లికి జనాన్నీ ఎక్కించుకోవాలి.

అక్కడ వారు చేసే మార్పు చూడ్డానికి చిన్నదే. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్లు, కండెన్సరు విప్పేసి, ఆ స్థానంలో వేలెడంత పెట్టె బిగిస్తారు. నడుమ తిరిగే కడ్డీకి అయస్కాంతాల ఉంగరం తొడుగుతారు. అయస్కాంతం దాటిన ప్రతిసారీ పెట్టె కరెంటును తెంపుతుంది. ముట్టుకునేది లేదు, అరిగేది లేదు. కానీ 8ఎన్ వంటి పాత ట్రాక్టర్లలో ఆరు వోల్టుల బ్యాటరీ, పాజిటివ్ వైరు బాడీకి ఉంటుంది. అది చూసుకోకుండా పన్నెండు వోల్టుల పెట్టె తెస్తే సరిగా పనిచేయదు, వైర్లు తారుమారు చేస్తే పెట్టె అక్కడికక్కడే మాడిపోవచ్చు. ఇంజను ఆపి తాళం ఆన్‌లోనే మరిచిపోయినా కొన్ని పెట్టెలకు అదే గతి.

డీజిలు ట్రాక్టర్ పొద్దున లేవకపోతే చూడాల్సినవి వేరు. డీజిలు లైనులో గాలి చేరిందా, ఫిల్టరు మూసుకుందా, నాజిల్ చిమ్ముతోందా కారుతోందా, బ్యాటరీ, సెల్ఫ్ బాగున్నాయా, రింగులు అరిగి కంప్రెషన్ పోయిందా అన్నవే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పేరుతో డీజిలు ట్రాక్టర్‌కు ఎవరేది బిగిస్తామన్నా పైసా ఇవ్వనక్కర్లేదు. ఆ డబ్బుతో నాజిళ్లు పరీక్ష చేయించుకోవడం మేలు.

మన దగ్గర పాయింట్లు ఎక్కడ?

అసలు సంగతి ఇక్కడుంది. పాయింట్లున్న యంత్రాలు మన రైతు ఇంట్లో లేకపోలేదు. వీపున వేసుకునే పాత పెట్రోలు మందు పంపు, మూలన పడ్డ కిరసనాయిలు ఇంజను, పాత చేతక్ స్కూటరు, రాజ్‌దూత్, పాత మోడలు బుల్లెట్. ఇవన్నీ ఆ కోవలోవే. 1985లో యమహా ఆర్.ఎక్స్.100 పాయింట్లు లేకుండా వచ్చినప్పటి నుంచి మెకానిక్‌లకు ఈ పెట్టె పరిచయమే. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చాక కిరసనాయిలు ఇంజనుతో పని బాగా తగ్గింది. మందు పంపుతో మాత్రం పని తగ్గలేదు. 2002లో బీటీ పత్తి వచ్చి శనగపచ్చ పురుగు బెడదను కొంత తగ్గించినా, రసం పీల్చే పురుగులకు మందు కొట్టక తప్పడం లేదు. 2021లో మిరపకు కొత్త రకం తామర పురుగు పట్టినప్పుడు ఎన్ని మందులు కొట్టాల్సి వచ్చిందో రైతులకు చెప్పనక్కర్లేదు.

పంపు పాయింట్లకు పని కంటే విశ్రాంతే ఎక్కువ చేటు. సీజను కాగానే పంపును అటక మీదో, కొట్టంలోనో పడేస్తారు. నెలల తరబడి చెమ్మకు బిళ్లల మీద సన్నని చిలుము పొర పడుతుంది. మళ్లీ సీజను వచ్చి తాడు గుంజితే ఆ పొర కరెంటును పారనివ్వదు. చిలుము పట్టే బిళ్లలే లేని ఎలక్ట్రానిక్‌ది మొదటి రోజే మేలు చూపేది ఇందుకే.

మార్చే పద్ధతులు రెండు. కొత్త మోడలు పంపుల్లో వచ్చే, పెట్టె లోపలే ఉన్న కాయిల్ ఆ ఇంజనుకు సరిపోతే పాతది తీసి అదే బిగించడం ఒకటి. దీనికి చక్రానికీ కాయిల్‌కూ మధ్య సందు ముఖ్యం. ఇంజను పుస్తకంలో చెప్పిన కొలత పెట్టాలి. గేజి లేనిచోట నడుమ పోస్టు కార్డు ముక్క పెట్టి బిగించి, తర్వాత లాగేయడం పాత మెకానిక్‌ల కిటుకు. రెండోది పాత కాయిల్‌నే ఉంచి, పాయింట్లకు వెళ్లే వైరును తెంపి, దానికి చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్ కలపడం. దీని ఎర్తు వైరును రంగు గీకి ఇనుముకు ఆనించాలి. చక్రంలో అయస్కాంతాల దిక్కు వేరైతే రవ్వ రాదు. అప్పుడు యూనిట్ రకాన్ని బట్టి వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తారు. యూనిట్‌ను సైలెన్సరు వేడికి దూరంగా బిగించాలి.

పెట్టె పోతే?

లాభం ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం మాటే అవుతుంది. పాయింట్లు పోయేటప్పుడు చెప్పి పోతాయి. ముందు ఇంజను దగ్గుతుంది, తర్వాత బలం తగ్గుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఆగినా పుల్లరు, సన్న గరుకు కాగితం, ఫీలరు గేజి ఉంటే చేను గట్టు మీదే నడిపించుకోవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పకుండా పోతుంది. జిగురులో పోత పోసిన దాన్ని విప్పేది లేదు, బాగు చేసేది లేదు. కొత్తది కొనాల్సిందే. ఆ మోడలుకు సరిపోయేది మండల కేంద్రంలో దొరక్కపోతే వరంగల్ బస్సు ఎక్కాలి. మందు కలిపిన డ్రమ్ము అక్కడే ఉంటుంది. ఇంకొకటి, కొన్ని యూనిట్లకు చక్రం ఒక వేగం దాటితే గానీ రవ్వ రాదు. తాడు మెల్లగా గుంజే ముసలివారికి, పిల్లలకు అది లొంగదు. పిల్లల చేతికి మందు పంపు ఇవ్వకూడదన్నది వేరే మాట.

సీజనులో ఎడతెగకుండా మందు కొట్టేవారికి, కిరాయికి పంపు నడిపేవారికి మార్పిడి లాభమే. ఏడాదికి నాలుగు రోజులు వాడే పంపుకు పాయింట్లు శుభ్రం చేయించుకుంటే చాలు. మార్చుకున్నవారు పాత పాయింట్లను, కండెన్సరును గుడ్డలో చుట్టి పంపుతోనే ఉంచుకోవడం మంచిది.

అసలు మార్చే ముందు తప్పు రవ్వదేనా అన్నది తేల్చుకోవాలి. పంపు లేవకపోతే నేరం పాయింట్లదే కానక్కర్లేదు. ఆయిలు ఎక్కువ కలిపిన పెట్రోలుతో ప్లగ్గు నల్లగా మసిబారి ఉండవచ్చు. నెలల తరబడి నిలిచిన పెట్రోలు కార్బొరేటరులో బంక కట్టి ఉండవచ్చు. ఆఫ్ స్విచ్ వైరు తొడుగు ఊడి బాడీకి తగులుతూ ఉండవచ్చు. చక్రం కింది అర్ధచంద్రాకారపు కీ కోసుకుపోయి రవ్వ వేళ తప్పి పడుతూ ఉండవచ్చు. వీటిలో ఏది ఉన్నా కొత్త పెట్టె బిగించినా ఇంజను లేవదు. ప్లగ్గు విప్పి, టోపీ తగిలించి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజనుకు ఆనించి తాడు గుంజితే రవ్వ సంగతి తేలిపోతుంది. అప్పుడు పెట్రోలు ట్యాంకు మూత బిగించి ఉండాలి, కింద పెట్రోలు ఒలికి ఉండకూడదు. నీలిరంగు రవ్వ టపటపా పడితే పాయింట్ల జోలికి వెళ్లకుండా మిగతావి చూసుకోవాలి.

ఇటీవల చార్జింగ్ పంపులు వచ్చి చిన్న కమతాల వారికి ఈ తాడు గుంజే బాధను తప్పిస్తున్నాయి. ట్రాక్టర్‌కు కూడా పెట్టె వేరే దారిలో రానే వచ్చింది. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటి కోసం డీజిలు ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయించే ఇంజన్లు వస్తున్నాయి. వాటికి తేడా వస్తే స్కానరు పెట్టి చూడాల్సిందే. అంతకు తక్కువ హార్స్‌పవర్ పాత ట్రాక్టర్లను మాత్రం ఊరి మెకానిక్ ఇప్పటికీ స్పానరుతోనే విప్పుతున్నాడు.

సీజను ముగియగానే మందు పంపు ట్యాంకులో పెట్రోలు తీసేసి, కార్బొరేటరు ఎండేదాకా ఇంజను నడిపి, ప్లగ్గు రంధ్రంలో రెండు చుక్కల ఆయిలు వేసి, తాడు ఒకసారి మెల్లగా లాగి, చెమ్మ తగలని చోట పెట్టాలి. పాయింట్లున్న పంపైతే తిరిగి తీసేటప్పుడు, పురుగు పడకముందే, ఒకసారి షెడ్డులో చక్రం విప్పించి బిళ్లలు చూపించుకోవాలి.