స్లాబ్ వేయకముందే గది వేడి లెక్క చూసుకోండి

వేసవిలో వేడి తగిలి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లందరూ ఎండలో తిరిగినవాళ్లే కారు. గడప దాటకుండా పై అంతస్తు గదిలో పడుకుని సొమ్మసిల్లినవాళ్లూ ఉంటారు. ‘‘నాన్నను బయటికే పంపలేదు సార్’’ అంటారు ఇంటివాళ్లు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో పొద్దుగూకినా గది చల్లబడదు. పగలంతా కాగిన స్లాబ్ రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది. రాత్రయినా చల్లబడితేనే శరీరం తేరుకుంటుంది. లేకపోతే ఆ అలసటతోనే మర్నాటి ఎండను ఎదుర్కోవాలి.

ఇల్లు కట్టేటప్పుడు వాస్తుకూ టైల్స్‌కూ పెట్టే ఓపికలో కాస్త ఈ లెక్కకూ పెట్టండి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల ‘సీబీఈ థర్మల్ కంఫర్ట్ టూల్’ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది ఆరు వివరాలు అడుగుతుంది: గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలు, కప్పు నుంచి వచ్చే వేడి, తేమ, గాలి వేగం, మనిషి చేసే పని, వేసుకున్న బట్టలు. జవాబు సున్నాకు దగ్గరగా వస్తే హాయి. ప్లస్ 3 అంటే భరించలేని ఉక్క. కూర్చున్న మనిషి కంటే పొయ్యి దగ్గర నిలబడి వండే మనిషి ఒంట్లో దాదాపు రెట్టింపు వేడి పుడుతుంది. కాబట్టి వంటగదికి వేరే లెక్క వేయండి.

మనం ఎప్పుడూ గాలి ఉష్ణోగ్రతే చూస్తాం. అసలు తేడా రెండో వివరంలో ఉంది. గదిలో గాలి 34 డిగ్రీలు, గోడలూ కప్పూ కలిపి సగటున 38 అనుకుందాం. గాలి కదలని గదిలో ఒంటికి తగిలేది ఆ రెంటి సగటు, అంటే 36. స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేసి, పడమటి గోడకు నీడ కల్పించి ఆ 38ని 35కు దించగలిగితే, ఏసీ లేకుండానే డిగ్రీన్నర తగ్గినట్టే. గోడలు, కప్పు వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది కాదు, ఉపరితలాల వేడి చూపేది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాల లోపు స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి కాదు. వైద్యుడిగా నన్నడిగితే, అవసరం ఎక్కువున్నది ఆ చిన్న ఇళ్లకే.

ఎంత వేడి వరకూ హాయి? డాక్టర్ మాధవి ఇంద్రగంటి 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లనే అడిగి చూశారు. సుమారు 29 డిగ్రీల దగ్గర హాయిగా ఉందన్నారు. 32 దాకా సర్దుకోగలిగారు. ఏసీ లేని ఇళ్ల కోసం టూల్‌లో ‘అడాప్టివ్’ అనే పద్ధతి ఉంది. కానీ బయటి సగటు 33.5 డిగ్రీలు దాటితే అది పనికిరాదు. పగలు 42, రాత్రి 28 ఉండే రోజులు వరుసగా వస్తే సగటు 35. అంటే మన మే నెల దాని పరిధిలోనే లేదు! అందుకే ఏప్రిల్‌కూ మే నెలకూ విడివిడిగా లెక్క వేయమని మీ ఇంజనీరును అడగండి.

ఇంకో సంగతి. ఈ లెక్కలన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్దలవి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి చెమట సరిగా పట్టదు. వయసు పైబడితే దాహం తెలియదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. అలాగని సొంతంగా మానేయకండి, వేసవికి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. టూల్ ‘పర్వాలేదు’ అన్న గది మీకు సరిపోవచ్చు, మీ అమ్మకు సరిపోకపోవచ్చు. కింది అంతస్తులో చల్లటి గది ఏదో చూసి వేసవి మూడు నెలలూ ఆమె మంచం అక్కడ వేయండి.

మాట తడబడినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ ఫ్యాన్ కింద ఉంచండి. మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.