ఆపడం నుంచి.. ఆడించడం దాకా!

ప్రతి ఆఫీసులో బాగా కోడ్ రాసే మనిషి ఒకరుంటారు. ఎంత చిక్కు బగ్ అయినా తన దగ్గరికి వెళ్తే తేలిపోతుంది. ఓ రోజు మేనేజర్ పిలిచి ‘రేపటి నుంచి నువ్వే టీమ్ లీడ్’ అంటాడు. అందరూ పార్టీ అడుగుతారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ ముఖంలో నవ్వు ఉండదు. తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. ఎలా సరిచేయాలో కూడా తెలుసు. కానీ చేయాల్సింది తను కాదు, కొత్తగా చేరిన కుర్రాడు. తను పక్కన నిలబడి చూడాలి.

ఐటీ అనే ఏముంది.. బ్యాంకు, బడి, ఫ్యాక్టరీ, మీరు ఎక్కడ పనిచేస్తున్నా ఈ మలుపు ఏదో ఒక రోజు వస్తుంది. దాన్ని దాటడం ఎలాగో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో కన్నా ఓ హాకీ గోల్‌కీపర్ జీవితంలో బాగా కనిపిస్తుంది. పేరు పి.ఆర్.శ్రీజేష్. రెండు ఒలింపిక్ పతకాలు గెలిచి ఆట ఆపేశాక, నేరుగా జూనియర్ జట్టు కోచ్ కుర్చీలో కూర్చున్నాడు.

చిన్ననాటి కలేం కాదు

కేరళలోని ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలంలో 1988లో రైతు కుటుంబంలో పుట్టాడు శ్రీజేష్. పన్నెండేళ్ల వయసులో తిరువనంతపురంలోని జి.వి.రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేరాడు. హాకీ కోసం మాత్రం కాదు. పరుగు, లాంగ్‌జంప్, వాలీబాల్.. ఇలా ఒక్కోటీ ప్రయత్నించాకే హాకీ దగ్గర ఆగాడు. ఎందుకయ్యా అంటే, బోర్డు పరీక్షల్లో క్రీడాకారులకిచ్చే గ్రేస్ మార్కుల కోసమని తనే నవ్వుతూ చెబుతుంటాడు. గోల్‌కీపర్ అయితే పెద్దగా పరిగెత్తక్కర్లేదన్నది అప్పట్లో అతడి లెక్క!

‘నాకు చిన్నప్పటి నుంచి ఓ ప్యాషన్ అంటూ లేదు’ అని దిగులుపడే వాళ్లు ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. ఇష్టం ముందే పుట్టి పనిలోకి తీసుకెళ్లాలనేం లేదు. పనిలో దిగాక కూడా పుడుతుంది.

అయితే గోల్‌కీపర్ కావడం చవక వ్యవహారం కాదు. ప్యాడ్లు, హెల్మెట్, గ్లవ్స్.. కిట్ ఖరీదు సామాన్య రైతుకి భారమే. తండ్రి ఇంట్లో ఆవును అమ్మి కొడుక్కి కిట్ కొనిచ్చాడు. జూనియర్ శిబిరానికి వెళ్తే ఇంకో ఇబ్బంది. చుట్టూ హిందీ, పంజాబీ. ఇతడికి వచ్చింది మలయాళం. వెనక నుంచి అరిచి డిఫెండర్లకు దారి చెప్పాల్సిన గోల్‌కీపర్‌కు భాష రాకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిన్న ఊరి నుంచి వచ్చి తొలి ఉద్యోగంలో మీటింగుల్లో నోరు విప్పలేకపోయిన మన పిల్లలకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. అతడు ఆ హిందీ నేర్చుకున్నాకే జట్టులో కుదురుకున్నాడు.

ఎనిమిదేళ్ల ఎదురుచూపు

శ్రీజేష్ కెరీర్‌లో మన హైదరాబాద్‌కూ చోటుంది. 2008లో జూనియర్ ఆసియా కప్ ఇక్కడే జరిగింది. భారత్ గెలిచింది, ఉత్తమ గోల్‌కీపర్ శ్రీజేషే.

ఇక దూసుకుపోవడమే అనుకుంటాం కదా! అలా జరగలేదు. సీనియర్ జట్టులోకి 2006లోనే వచ్చినా, చాలాకాలం సీనియర్ కీపర్ల వెనక నిలబడాల్సి వచ్చింది. పైగా భారత హాకీకి అవి గడ్డు రోజులు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు జట్టు అర్హతే సాధించలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో మనది పన్నెండో స్థానం.

మధ్యలో ఓ వెలుగు, 2011 ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. పాకిస్థాన్ మీద రెండు పెనాల్టీ స్ట్రోకులు ఆపి కప్పు తెచ్చాడు. అసలు పేరొచ్చింది మాత్రం 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో. మళ్లీ పాకిస్థానే, మళ్లీ షూటవుటే. భారత్ స్వర్ణం గెలిచి రియోకి నేరుగా అర్హత పొందింది. అంటే సీనియర్ జట్టులో అడుగుపెట్టిన ఎనిమిదేళ్లకు! రియోకి కెప్టెన్‌గా వెళ్లాడు. 2017లో మోకాలి గాయం నెలల తరబడి పక్కన కూర్చోబెట్టింది. తిరిగొచ్చాక టోక్యో. 2021 ఆగస్టు 5న జర్మనీతో కాంస్య పోరులో 5-4 ఆధిక్యం, ఆఖరి సెకన్లలో ప్రత్యర్థికి పెనాల్టీ కార్నర్. అది ఆపాక గోల్‌పోస్టు ఎక్కి కూర్చున్న శ్రీజేష్ ఫొటో మీరు చూసే ఉంటారు. 41 ఏళ్ల తర్వాత వచ్చిన ఒలింపిక్ పతకం అది.

2024 పారిస్‌లో గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు. మిగతా ఆటంతా పది మందితోనే. 1-1తో లాక్కొచ్చి షూటవుట్లో 4-2తో గెలిచారు. చివరికి స్పెయిన్‌ను ఓడించి కాంస్యం. 336 అంతర్జాతీయ మ్యాచ్‌ల ప్రయాణం అక్కడ ముగిసింది. సీనియర్ జట్టులో అతడి 16 నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకూడదని హాకీ ఇండియా నిర్ణయించింది.

వెనక నిలబడితే కనిపించేది

గోల్‌కీపర్ పని ఏంటో ఓసారి చూడండి. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తున్న గోల్ ముందు నిలబడాలి. తను గోల్ కొట్టలేడు. తొమ్మిది ఆపినా లెక్కలోకి వచ్చేది వదిలేసిన పదోది. కానీ మైదానం మొత్తం ఎదురుగా కనిపించేది అతడికే. ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవరు అలసిపోయారు, ఎటు నుంచి ప్రమాదం వస్తోంది.. చూసి అరిచి చెప్పాలి. డిఫెండర్ సరిగ్గా కదిలితే బంతి అసలు గోల్ దాకా రాదు. చూడటం, చెప్పడం.. సగం కోచింగ్ ఇదే.

మిగతా సగమే కష్టం. షూటవుట్లో దాడి చేసే ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర మొదలుపెడతాడు. ఎనిమిది సెకన్లు, ఒకరికి ఒకరు. ఆ ఎనిమిది సెకన్లకు ఆసియాలో పేరు మోసిన మనిషి కోచ్ అయ్యాక గీత బయట చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

కోచ్‌గా తొలి టోర్నీలోనే ఆ పరీక్ష ఎదురైంది. 2024 అక్టోబరులో మలేసియాలో సుల్తాన్ ఆఫ్ జోహర్ కప్, కాంస్య పోరులో న్యూజిలాండ్‌తో షూటవుట్. గోల్‌లో ఉన్నది కుర్ర కీపర్ బిక్రమ్‌జిత్ సింగ్. మూడు ఆపాడు, పతకం వచ్చింది. రెండు నెలలకే మస్కట్‌లో పాకిస్థాన్‌ను 5-3తో ఓడించి జూనియర్ ఆసియా కప్ గెలిచారు. పదహారేళ్ల కిందట హైదరాబాద్‌లో ఆటగాడిగా అందుకున్న కప్పు, ఈసారి కోచ్‌గా!

2025 చివర్లో చెన్నై, మదురైలలో జూనియర్ ప్రపంచకప్. క్వార్టర్స్‌లో బెల్జియంపై షూటవుట్లో నెగ్గారు, కీపర్ ప్రిన్స్‌దీప్ సింగ్. సెమీస్‌లో మాత్రం జర్మనీ చేతిలో 1-5తో చిత్తు. సొంతగడ్డపై అంత ఘోరంగా ఓడాక పిల్లల్ని మళ్లీ నిలబెట్టడం మామూలు విషయం కాదు. కాంస్య పోరులో అర్జెంటీనాపై 0-2తో వెనకబడి, చివరి క్వార్టర్లో నాలుగు గోల్స్ కొట్టి 4-2తో గెలిచారు. పెద్దాయన ఒక్క బంతీ ఆపలేదు, ఒక్క గోలూ కొట్టలేదు. కోచ్ పని అలాగే ఉంటుంది మరి.

మీరు తీసుకోదగ్గవి

ఒకటి, మెట్టు. పేరున్న ఆటగాడు కాబట్టి పెద్ద పదవి అడగొచ్చు. శ్రీజేష్ రాహుల్ ద్రవిడ్ దారిని ఉదాహరణగా చెప్పి, ముందు జూనియర్లతో మొదలుపెడతానన్నాడు. 2036 ఒలింపిక్స్ నాటికి సీనియర్ జట్టు కోచ్‌గా ఉండాలన్న కోరికనూ దాచుకోలేదు. పన్నెండేళ్ల ప్లాన్ అది. మనం పన్నెండు నెలల అప్రైజల్‌కే కంగారు పడిపోతాం.

రెండు, మీ పనిలో మీతో పాటు వచ్చేదేంటో విడదీసి చూసుకోండి. శ్రీజేష్ రిఫ్లెక్సులు మైదానంలోనే ఆగిపోయాయి. ఆటను చదవడం, నోరు తెరిచి చెప్పడం, ఓటమి తర్వాత రోజు కూడా ప్రాక్టీసుకు రావడం వెంట వచ్చాయి. కోడింగ్ వేగం మీ పదోన్నతితో పాటు పెద్దగా పనికిరాకపోవచ్చు. సమస్యను ముక్కలుగా విడగొట్టి ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం పనికొస్తుంది. దాన్ని టీమ్ లీడ్ అయ్యే దాకా ఆగకుండా ఇప్పుడే సాధన చేయండి.

మూడు, ఆటే బతుకుగా చేసుకోవాలనుకునేవారికి. ఆడటం ఆపేస్తే తలుపులన్నీ మూసుకుపోయినట్టు కాదు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో స్పోర్ట్స్ కోచింగ్ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. హాకీ ఇండియా కోచ్‌లకు స్థాయిల వారీగా కోర్సులు నడుపుతోంది. ఇంజినీరింగ్ చదివి ఆట మీద పిచ్చి ఉన్నవాళ్లకు వీడియో అనలిస్ట్ కొలువులూ ఉన్నాయి. ఇవాళ ఏ పెద్ద జట్టూ ప్రత్యర్థుల పెనాల్టీ కార్నర్ల వీడియోలు చూడకుండా మైదానంలోకి దిగదు.

సీనియర్ జట్టులో దాచేసిన ఆ 16 నంబరు జెర్సీ జూనియర్ జట్టులో మాత్రం కొనసాగుతుంది. ఎవరో ఓ కుర్రాడు దాన్ని వేసుకుని గోల్ ముందు నిలబడతాడు. మీ దగ్గర పని నేర్చుకుంటున్న వాళ్లెవరో ఈ వారం ఓసారి చూడండి. మీరు పది నిమిషాల్లో చేసేసే పని ఒకటి వాళ్ల చేతికిచ్చి, గంట పట్టినా సరే, మధ్యలో కీబోర్డు లాక్కోకుండా ఉండి చూడండి. మొదటిసారి చేతులు ఊరుకోవు. అలవాటు చేసుకోవాల్సింది దాన్నే.