ఆటోనగర్ కౌంటర్ వెనుక కుర్చీ

ఆటోనగర్ అనగానే బెజవాడవారికి గుర్తొచ్చేవి సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, బాడీ కట్టించుకోవడానికి వరుసగా నిలబడ్డ లారీలు. అది మగవాళ్ల చోటని మనందరి అభిప్రాయం. అక్కడ ఆడవాళ్లు కనబడితే షాపు ఊడ్చడానికి వచ్చారేమో అనుకుంటాం. కానీ ఈ రోజు స్పేర్‌పార్ట్స్ షాపుల్లో కౌంటర్ వెనుక కంప్యూటర్ మామూలైపోయింది. దాని ముందు కూర్చోవడానికి కండబలం అక్కర్లేదు. మరి ఆ కుర్చీలో మన అక్కచెల్లెళ్లు ఎందుకు లేరు?

ముందు ఆ పనేమిటో చూద్దాం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2018 ఏప్రిల్ నుండి 50,000 రూపాయల విలువ దాటిన సరుకు కదలాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు ఉండాలి. అందులో మొదటి భాగంలో జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, సరుకు విలువ, దాని కోడ్ నింపాలి. వాహనాల విడిభాగాల్లో చాలావాటి కోడ్ 8708తో మొదలవుతుంది. రెండో భాగంలో లారీ నంబరు వేయాలి. ఒక్క అంకె తప్పు పడితే లారీ దారిలో ఆగిపోవచ్చు. కాబట్టి ఈ పనికి కావలసింది ఓపిక, జాగ్రత్త, అంకెలు సరిగా చదవడం. పొదుపు సంఘం పుస్తకం ఏళ్ల తరబడి తప్పు లేకుండా రాసిన తల్లికి ఈ గుణాలు కొత్త కాదు.

ఇలాంటి పని అవసరమైనవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో కుట్టుమిషన్లు, సర్టిఫికెట్లు నీటిపాలయ్యాయి. కృష్ణ ఆవలి ఒడ్డున 2015లో రాజధాని కోసం పొలాలు తీసుకున్నప్పుడు భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. కలుపు తీసే, కూరగాయలు కోసే పని మాత్రం పోయింది. చేతిలో పని పోయినవారికి డబ్బు సాయం కొన్నాళ్లే ఆసరా. కొత్త పని నేర్పితేనే మళ్లీ నిలబడతారు.

శిక్షణలు లేవా అంటే ఉన్నాయి. 2017లో కేంద్రం 6 కోట్ల ఇళ్లకు డిజిటల్ అక్షరాస్యత అందించాలని ఒక పథకం పెట్టింది. కానీ అది పల్లెలకే. పట్నం చేరి అద్దె గదిలో ఉంటున్న స్త్రీకి అది అందలేదు. కేంద్రప్రభుత్వ సంస్థ నీలిట్ నిర్వహించే సీసీసీ కోర్సు 80 గంటలు. దానికి ఇంత చదివి ఉండాలన్న నిబంధన లేదు. రోజుకు రెండు గంటలైతే నలభై రోజుల్లో ముగుస్తుంది. అయితే ఆ రెండు గంటలు పసిబిడ్డను ఎవరు చూస్తారు? ఇంట్లో ఒక్కటే ఫోన్, అది భర్త జేబులో ఉంటే ఓటీపీ ఎవరికి వస్తుంది? చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

అందుకే నేర్పడంలో ఒక వరుస ఉండాలి. మొదట ఆమె పేరు మీద సిమ్, డిజిలాకర్‌లో ఆమె పత్రాలు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న జాగ్రత్త. తర్వాత తెలుగు టైపింగ్, అంకెల ఎంట్రీ. ఆ తర్వాత ఎక్సెల్, బిల్లింగ్, ఈ-వే బిల్లు. కేవలం టైపింగ్‌తో ఆపేస్తే ఉద్యోగం దొరకడం కష్టం. బిల్లును ఫోటో తీస్తే చదివే యంత్రాలు వచ్చేశాయి. అవి చదివినది సరైనదో కాదో సరిచూసే మనిషికే ఇకపై విలువ.

ప్రియ పాఠకులారా, మన మందిరాల హాళ్లు వారంలో చాలా రోజులు తాళం వేసే ఉంటాయి. రెండు పాత లాప్‌టాప్‌లు, సాయంత్రం రెండు గంటలు, పిల్లల్ని ఆడించే ఒక పెద్దమ్మ ఉంటే పని మొదలవుతుంది. మన సంఘాల్లో ఆటోనగర్ షాపుల యజమానులూ, గుమాస్తాలూ ఉన్నారు. వారిలో ఒకరు వచ్చి నెలపాటు నిజమైన బిల్లులు ఎలా వేస్తారో చూపిస్తే, ఆ తర్వాత ఒక్కరికైనా తన షాపులో పని ఇస్తే, అది వంద కుట్టుమిషన్ల పంపిణీ సభల కంటే మేలు. సర్టిఫికెట్ ఇచ్చి ఫోటో దిగి ఊరుకోవద్దు. ఆమె మొదటి జీతం అందుకునే వరకు తోడుండండి.