మీకు తెలుసా? వ్యూస్ సరే.. గిరాకీ ఎంత?

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బట్టల షాపు కానీ, మంచిర్యాలలో మొబైల్ షాపు కానీ.. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు కట్టి ప్రకటన ఇస్తే ఫోన్ నిండా అంకెలు కనిపిస్తాయి. అవి ఏం చెబుతాయో, ఏం చెప్పవో చూద్దాం.

● మస్టర్లు వేరు, మనుషులు వేరు

నెలలో పడిన మస్టర్లు (హాజర్లు) చూసి గనిలో అంతమంది కార్మికులున్నారని కోల్‌బెల్ట్‌లో ఎవరూ అనుకోరు. ఇక్కడా అంతే. ప్రకటన ఎన్నిసార్లు తెర మీదికి వచ్చిందో ‘ఇంప్రెషన్స్’ చెబుతుంది. ఎంతమందికి కనిపించిందో చెప్పేది ‘రీచ్’. 20,000 ఇంప్రెషన్స్, 5,000 రీచ్ ఉంటే ఒక్కొక్కరికి సగటున నాలుగుసార్లు కనిపించినట్టు. ఆ నాలుగే ‘ఫ్రీక్వెన్సీ’.

● పండుగ ముందు పోటీ

వెయ్యి ఇంప్రెషన్స్‌కు అయ్యే ఖర్చు ‘సీపీఎం’. దీనికి కట్టుధర లేదు, ప్రతిసారీ వేలమే. 2023-24 లాభాల నుంచి 796 కోట్ల రూపాయల వాటాను 2024 దసరా ముందు సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు ప్రకటించారు. అలాంటి రోజుల్లో బంగారం షాపులు, బైక్ షోరూంలు, బట్టల షాపులు అన్నీ అవే ఫోన్ల కోసం ఎగబడితే సీపీఎం పెరగక మానదు.

● ఎక్కువ పాడినవాళ్లదే పాట కాదు

ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా నడిపే వేలంలో డబ్బు ఒక్కటే చాలదు. ఆ ప్రకటనకు జనం స్పందించే అవకాశం ఎంత, దాని నాణ్యత ఎలా ఉంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. మంచి ప్రకటన తక్కువ పాటతోనూ గెలవొచ్చు.

● గోదావరి దాటే ప్రకటన

మ్యాప్ మీద గోదావరిఖని చుట్టూ 80 కిలోమీటర్ల గీత గీస్తే ఇటు కరీంనగర్, అటు మహారాష్ట్రలోని సిరొంచ కూడా అందులోకి వస్తాయి. వీధి చివరి టిఫిన్ సెంటర్‌కు సిరొంచ నుంచి ఎవరు వస్తారు? గీత చిన్నదైతే డబ్బు మిగులుతుంది.

● 100కి 44 క్లిక్కులు

1994 అక్టోబర్ 27న ‘హాట్‌వైర్డ్’ వెబ్‌సైట్‌లో వచ్చిన ఏటీ అండ్ టీ బ్యానర్‌ను తొలి ఇంటర్నెట్ బ్యానర్ ప్రకటనల్లో ఒకటిగా చెబుతారు. చూసిన ప్రతి వందలో 44 సార్లు దాన్ని నొక్కారట. ఈ నిష్పత్తే ‘సీటీఆర్’. ఇప్పుడు ఒక్క శాతం దాటినా సంతోషించేవాళ్లే ఎక్కువ. ఇంకో మెలిక: మెటా చూపే మొత్తం క్లిక్కుల్లో లైకులు, ‘సీ మోర్’ నొక్కడాలు కూడా కలిసే ఉంటాయి. చూడాల్సింది ‘లింక్ క్లిక్స్’.

● మూడు సెకన్లకే వ్యూ

వీడియో మూడు సెకన్లు ఆడితే ఫేస్‌బుక్ దాన్ని వ్యూగా లెక్కగట్టేది. అంతకన్నా తక్కువ చూసినవాళ్లను వదిలేసి సగటు తీయడంతో, జనం వీడియో చూసే సమయాన్ని రెండేళ్ల పాటు ఎక్కువచేసి చూపామని ఆ సంస్థే 2016లో ఒప్పుకుంది. యూట్యూబ్ షార్ట్స్‌లోనైతే 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, వ్యూ పడినట్టే.

● అసలు లెక్క

ప్రకటనకు 2,000 రూపాయలు పెట్టారనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 2,360 అవుతుంది. అది చూసి ఎనిమిది మంది కొంటే ఒక్కో గిరాకీకి 295 రూపాయలు ఖర్చయినట్టు. ఒక్కో అమ్మకంపై మిగిలేది అంతకన్నా తక్కువైతే, వ్యూస్ లక్ష దాటినా నష్టమే. అందుకే షాపుకొచ్చినవాళ్లను ‘అన్నా, యాడ్ చూసొచ్చిండ్రా?’ అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. మళ్లీ డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ పేజీ చూశాకే తేల్చుకోండి.