ఏనుగు తినే పైరేది, వదిలే పైరేది? అడవి అంచు రైతు తెలుసుకోవాల్సిన లెక్క

హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల్లో రాగి వెన్ను ముదిరే కాలమే ఏనుగులు దిగే కాలం. ఏటా పంట కోతల వేళ కర్ణాటకలోని బన్నేరుఘట్ట అడవి నుంచి జవళగిరి మీదుగా గుంపులు మన చేలలోకి వస్తాయి. సరిహద్దు అవతల కుప్పం, పలమనేరు రైతులదీ ఇదే బాధ. 1980లలో ఈ వైపు నుంచి ఏనుగులు అక్కడికి చేరాకే, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

"రాగి మానేయండి, ఏనుగు తినని పైరు పెట్టండి" అన్న సలహా మన రైతులు తరచూ వింటున్నదే. అందులో సగమే నిజం. ఒక జంతువు వదిలేసిన పైరును ఇంకొకటి తింటుంది. తినకపోయినా తొక్కేస్తుంది. అందుకే ఏ జంతువు దేనికోసం వస్తుందో ముందు తెలుసుకోవాలి.

ఏనుగుకు రాగి ఎందుకంత ఇష్టం?

పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత తింటుంది. వానలు వెనకబట్టాక అడవిలో గడ్డి ముదిరి పీచుగా మారుతుంది, దానిలో మాంసకృత్తులు తగ్గిపోతాయి. సరిగ్గా అప్పుడే మన రాగి పాలు పోసుకుని గింజ కడుతుంది. ఏనుగులపై దశాబ్దాలు పరిశోధించిన శాస్త్రవేత్త రామన్ సుకుమార్ దక్షిణాది అడవుల్లో చేసిన అధ్యయనంలో, అడవి గడ్డికన్నా పండించిన పైరులో మాంసకృత్తులు, కాల్షియం, సోడియం ఎక్కువని తేలింది. గుంపుగా తిరిగే ఆడ ఏనుగులకన్నా మగ ఏనుగులే చేలమీద ఎక్కువగా పడతాయని కూడా ఆయన గమనించారు. కొద్దిసేపట్లో ఎక్కువ బలం దొరికే చోటికి రావడం దాని లెక్క.

రాగి, వరి, చెరకు, ముసుకుజొన్న, అరటి, పనస, మామిడి, కొబ్బరి ఏనుగు ఇష్టంగా తినేవి. మిరప, అల్లం, పసుపు, వెల్లుల్లి, నిమ్మ, నువ్వులు, ఆముదం సాధారణంగా వదిలేసేవి. ఘాటు, చేదు, ఘాటైన వాసన దానికి పడవు. నేపాల్‌లోని బర్దియా ప్రాంతంలో జరిపిన ప్రయోగాల్లోనూ పసుపు, నిమ్మగడ్డి, తులసి జాతి మొక్కలు వరికన్నా ఏనుగులను తక్కువగా ఆకర్షించాయి. అయితే దారిలో ఉంటే మిరపతోటైనా తొక్కుకుంటూ పోతుంది. నీళ్లకోసం డ్రిప్పు పైపులు పీకేస్తుంది.

అడవిపంది, కోతి, నెమలి

అడవిపందికి ముక్కే ఆయుధం. భూమిలో ఉన్న శనక్కాయ, గెనుసుగడ్డ, కర్రపెండలం వాసన పట్టి తవ్వి తింటుంది. ముసుకుజొన్నను పడగొట్టి కంకి తింటుంది. ఆముదం, కుసుమ జోలికి రాదు. తెలంగాణలోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముసుకుజొన్న చుట్టూ ఆముదం, శనక్కాయ చుట్టూ ముళ్ల కుసుమ మూడు నాలుగు వరసలు ఒత్తుగా వేయమని చెబుతారు. లోపలి పంట వాసన బయటికి తెలియకుండా ఆముదం కప్పేస్తుంది. కుసుమ ముళ్లు పందికి అడ్డుపడతాయి. పందికి వానపాములు, పురుగులు కూడా ఆహారమే కాబట్టి తాను తినని పసుపు మడినైనా వాటికోసం కెలుకుతుంది. ఆముదం గింజ మనిషికీ పశువుకూ విషమే. పిల్లలు, మేకలు తిరిగే చోట జాగ్రత్త.

కోతులకు పండు, కాయ, లేత కంకి అన్నీ కావాలి. టమాటా, వంగ, అనపకాయ, జామ, మామిడి దేన్నీ వదలవు. భూమిలో దాగిన పసుపు, అల్లం, చేదుగా ఉండే కాకర వాటినుంచి చాలావరకు తప్పించుకుంటాయి.

నెమలి దగ్గర మిరప ఉపాయం పనిచేయదు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్షీరదాల నోటికే తెలుస్తుంది, పక్షులకు తెలియదు. ఏనుగు వదిలేసిన మిరపను నెమలి హాయిగా పొడుచుకు తింటుంది. విత్తిన శనక్కాయను కూడా ఏరుకుంటుంది. చెవులపిల్లి, దుప్పి లేత పప్పుధాన్యాల మొలకలకోసం వస్తాయి.

మరి రాగి మానేయాలా?

అది అంత తేలిక కాదు. రాగి వానమీద పండే పంట. పసుపు, అల్లానికి ఎనిమిది తొమ్మిది నెలలు తడి కావాలి, పెట్టుబడి కావాలి. బోరు లేని రైతుకు ఆ దారి లేదు. పైగా రాగి పోతే ఇంట్లో సంగటి, పశువుకు గడ్డి రెండూ పోతాయి. మార్చాల్సింది పంట ఉండే చోటు, కోత వేళ.

మన పెద్దలు రాగి చేను చుట్టూ ఉచ్చెళ్లు, అంటే వెర్రినువ్వులు చల్లేవారు. పశువులు దాన్ని మేయవు కాబట్టి అది కంచెలా నిలిచేది. ఏనుగును అది ఆపదు, కానీ ఆలోచన సరైనదే. అడవి వైపు ఆముదం, నువ్వులు, నీళ్లుంటే మిరప పెట్టి, రాగి, శనక్కాయ, అరటి ఊరి వైపు పెట్టుకోవచ్చు. పక్కపక్క రైతులు కలిసి ఒకేలా చేస్తేనే ఫలితం. ఒక్కరే చేస్తే ఏనుగు పక్క గట్టు మీదుగా వస్తుంది. వెన్ను ముదరగానే కోసి, కుప్ప చేలో వదలకుండా త్వరగా నూర్చుకోవాలి. గింజ వాసనకు ఏనుగు ఇంటి గోడ కూడా కూల్చిన సందర్భాలున్నాయి.

ఇంటి లైను నుంచి తీగ లాగి కంచెకు కరెంటు పెట్టడం మాత్రం వద్దు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర అలాంటి కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి, రెండు పిల్లలు తల్లి లేనివయ్యాయి. అది జైలుకు పంపే నేరం. రాత్రి కాపలాకు వెళ్లే మన మనిషే ఆ తీగ తగిలి పోవచ్చు. సోలార్ కంచె వేరు. అది కొట్టి తరుముతుంది తప్ప చంపదు.

పంట పోతే చేను సర్దకముందే ఫోటోలు తీసి, వెంటనే అటవీశాఖ వారికి తెలపండి. చిట్టా, అడంగల్, గ్రామ పాలనాధికారి ధ్రువపత్రం సాధారణంగా అడుగుతారు. కౌలు రైతులు భూమి యజమానితో ముందే మాట్లాడి కాగితాలు సిద్ధం చేసుకుంటే పరిహారం దగ్గర చిక్కు రాదు.