సెలవులలో ఇంటి రక్షణ

సెలవులు సమీపింపగానే పిల్లల మనస్సులు ప్రయాణమునకు సిద్ధమగును. తాతగారి పల్లెకు బోవువారు కొందఱు, హైదరాబాదునకు బోవువారు కొందఱు. 2022వ సంవత్సరము సెప్టెంబరులో మన మెదకు పట్టణమునకు రైలు వచ్చినది మొదలు ప్రయాణము మఱింత సులభమైనది. అయితే పెట్టె సర్దుకొనుటలో చూపు శ్రద్ధలో సగమైనను విడిచిపోవు ఇంటిపై మనము చూపము. తలుపునకు తాళము వేసితిమి, ఇక భయము లేదని తలంతుము. ఈ తలంపు సరియైనదా యని విచారింతము.

మన పట్టణమందలి కొండకోటను చూడుడు. దానికి ప్రథమ ద్వారము, సింహ ద్వారము, గజ ద్వారము అని మూడు ద్వారములు కలవు. ఒకటి దాటిన శత్రువు మఱియొకదానియొద్ద నిలువవలెను. అంతలో కావలివారు మేల్కొనగలరు. శత్రువునకు జాగు కలిగించుట ద్వారము పని. పట్టుకొనుట మనుష్యుల పని. ఇంటికిని ఇట్లే మూడు కాపుదలలు కావలెను.

మొదటిది తాళము. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనము సమయమున ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా దేశీయుడు ప్రసిద్ధమైన చబ్ తాళమును అర్ధగంటలోపల తెఱచెను. అఱువది యేండ్లకు పైగా ఎవరికిని లొంగని బ్రామా తాళమునకు రెండు వారములకు పైగా పట్టెను. కాని తుదకదియు తెఱచుకొనెను. కావున తెఱువరాని తాళము లేదు. ఆలస్యముగా తెఱచుకొను తాళము మాత్రమే కలదు. దొంగకు తాళము తెఱచుటకంటె గొళ్ళెము పెకలించుట సులభము. కనుక గొళ్ళెమును, ద్వారబంధమును, పెరటి తలుపును ముందుగా పరీక్షింపవలెను. వెలుపల వ్రేలాడు తాళము ఇల్లు శూన్యమని చాటును. తలుపులో నిమిడిన తాళము అట్లు చాటదు. తాళపుచెవిని పూలకుండీ క్రిందను, గడపపైనను దాచుట తగదు. ఆ చోట్లు దొంగకును తెలియును. నగలను బ్యాంకు లాకరులో నుంచుట మేలు.

రెండవది ఇరుగుపొరుగు. ఉదయమున కల్లాపి, ముగ్గు లేని వాకిలి, గుమ్మమున పడియున్న వార్తాపత్రికలు, పట్టపగలు వెలుగుచున్న దీపము—ఇవి యన్నియు దొంగకు ఉత్తరములవంటివి. పాలు, పత్రిక నిలుపుడు. వాకిట నీళ్లు చల్లి ముగ్గు పెట్టుమని పొరుగింటి అక్కనో పిన్నినో కోరుడు. ప్రయాణపు ఛాయాచిత్రములను తిరిగి వచ్చిన పిమ్మట లోకమునకు చూపుడు.

మూడవది పోలీసు ఠాణా. పండుగ సెలవులకు ముందు ఊరికి బోవువారు తెలియజేయవలెనని పోలీసువారు కోరుచుందురు. చిరునామా, వెళ్లు దినము, వచ్చు దినము తెలిపినయెడల గస్తీ తిరుగువారు ఆ వీధిపై దృష్టి యుంచగలరు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మన మహాదేవాలయమునకు క్రిస్మసునాడును, ఏడుపాయల జాతరకు శివరాత్రినాడును జనము విశేషముగా వచ్చును. వారిలో మిక్కిలిమంది భక్తులే యైనను, అట్టి దినములలో క్రొత్త ముఖమును ఎవరును వింతగా చూడరు. అందుచేత అప్పుడు జాగ్రత్త అధికముగా నుండవలెను.

దొంగయే గాక ఇంటిలోపలి శత్రువులును కలవు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమట్టమున నిలుచును. కావున బయలుదేరునపుడు రెగ్యులేటరు మూయవలెను. తిరిగివచ్చి తలుపు తీయగానే వాసన తోచినచో దీపపు మీటను తాకక, తలుపులు, కిటికీలు తెఱచి, వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను. విద్యుత్ పరికరముల ప్లగ్గులు తీయుడు. తొట్టెలలోను, కూలరులోను నీరు నిలువ యుంచకుడు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ సుమారు వారము పదిదినములలో ఆ నీటిలో గ్రుడ్డునుండి పెరిగి యెగురును.

తిరిగి వచ్చునప్పటికి తాళము విఱిగియున్నచో లోపలికి పోరాదు, దేనిని ముట్టరాదు. వెలుపలనే నిలిచి 112 నంబరునకు తెలుపవలెను. దొంగ లోపలనే యుండవచ్చును. వెడలిపోయినను వాని వ్రేలిముద్రలు చెడకుండ నుండును.

విద్యార్థులారా! ఈ మూడు కాపుదలలలో తాళము ధనముతో దొరకును, పోలీసు సహాయము కోరిన దొరకును. పొరుగువాని కన్ను మాత్రము స్నేహముచేతనే దొరకును. ఈ సెలవులలో మీరు ఊరికి బోనిచో, పోయినవారి వాకిలివైపు దినమునకొకమాఱు చూడుడు. రేపు మీ వాకిలిని వారు చూతురు.