లిమిట్ లేని రోడ్డు ఉందా?

జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోనో మ్యూనిక్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న మన కుర్రాళ్లకు ఎండాకాలం రాగానే ఒక కోరిక పుడుతుంది. ఇద్దరు ముగ్గురు తలా కొంత వేసుకుని శని, ఆదివారాలకు ఒక పోర్షె 911 అద్దెకు తీసుకోవాలి. ఏ8 ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్‌వే) మీద ఉల్మ్ దాకా, అక్కణ్నుంచి ఏ7 పట్టుకుని ఫ్యూసెన్ మీదుగా ఆస్ట్రియాలోకి, రెషెన్ కనుమ దాటి ఇటలీలోని స్టెల్వియో ఘాట్ ఎక్కాలి. మంచి దారే. కారు కూడా స్టుట్‌గార్ట్‌దే, పోర్షె కంపెనీ ఉన్నది ఆ ఊరి శివారు త్సుఫెన్‌హౌజెన్‌లోనే. చిక్కల్లా రీల్స్ చూసి తలకెక్కించుకున్న కబుర్లతోనే.

అపోహ: ఆటోబాన్ మీద స్పీడ్ లిమిట్ లేదు, ఎంతలో పోయినా అడిగే నాథుడు లేడు.

ఇందులో సగం నిజముంది. జర్మనీలో ఉన్న 13 వేల కిలోమీటర్ల పైచిలుకు ఆటోబాన్‌లో సుమారు 70 శాతం మీద శాశ్వత పరిమితి ఏదీ లేదు. మిగిలినచోట ఉంది. నగరాల దగ్గర, మలుపుల దగ్గర, మరమ్మతులు జరిగేచోట 120, 100, 80 అంటూ బోర్డులు వస్తూనే ఉంటాయి. కొన్నిచోట్ల ఎలక్ట్రానిక్ బోర్డులు ట్రాఫిక్‌ను, వాననుబట్టి అంకె మారుస్తాయి. ఎర్ర వలయంలో అంకె కనబడిందంటే అది చట్టమే. కెమెరా ఉందా లేదా అని ఆలోచించడం అనవసరం.

లిమిట్ లేని చోటా పూర్తి స్వేచ్ఛ లేదు. 1978 నుంచి గంటకు 130 కిలోమీటర్లను సలహా వేగంగా పెట్టారు. మన హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 120 దాటితే చలానా వస్తుంది. అక్కడ 130 దాటితే చలానా రాదు, కానీ ప్రమాదం జరిగితే కథ మారుతుంది. తప్పు అవతలివాడిదే అయినా, 130కి మించి పోయినవాడు నష్టంలో కొంత వాటా మోయాల్సి రావచ్చని జర్మనీ ఫెడరల్ కోర్టు 1992లోనే తేల్చింది. 130లో వెళ్లినా ప్రమాదం ఇలాగే జరిగేదని రుజువు చేసుకోవాల్సిన బరువు స్పీడుగా పోయినవాడిదే.

అసలు భయం కోర్టుది కాదు, లారీలది. అక్కడ లారీలకు 80 లిమిట్. వాటిని దాటడానికి ఒక వ్యాన్ 120లో ఎడమ లేన్‌లోకి వస్తుందనుకుందాం. మీరు 250లో ఉన్నారు. తేడా 130, అంటే సెకనుకు 36 మీటర్లు. వ్యాన్ డ్రైవరు అద్దంలో 300 మీటర్ల వెనక చిన్న చుక్కగా కనబడ్డ మీ కారు ఎనిమిది సెకన్లలో అతని బంపరు దగ్గరుంటుంది. ఆ చుక్క ఎంత వేగంతో వస్తోందో అద్దంలో అంచనా కట్టడం ఎవరి తరమూ కాదు. పైగా మీరు 200లో పోతున్నామని మురిసిపోతుంటే వెనక ఇంకొకడు హెడ్‌లైట్లు వేసుకుని దారిమ్మంటాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సామెత ఎడమ లేన్‌లో రోజూ రుజువవుతుంది. దాటగానే కుడికి వచ్చెయ్యడమే అక్కడి మర్యాద, చట్టం కూడా. ఎటు సందు దొరికితే అటు దూరే మన అలవాటు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాలి. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చెయ్యడం నిషిద్ధం.

ఇంకొకటి. ట్రాఫిక్ నెమ్మదించగానే ఎడమ లేన్‌వాళ్లు ఇంకా ఎడమకు, మిగతావాళ్లంతా కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. జామ్ అయ్యాక కాదు, నెమ్మదిస్తున్నప్పుడే. వదలకపోతే కనీసం 200 యూరోల జరిమానా, ఒక నెల డ్రైవింగ్ నిషేధం.

(ఆటోబాన్ హిట్లర్ ఆలోచన అనేది కూడా అపోహే. కొలోన్–బాన్ రోడ్డును 1932 ఆగస్టు 6న ప్రారంభించింది కొలోన్ మేయర్ కొన్రాడ్ అడెనావర్. హిట్లర్ గద్దెనెక్కింది ఆ మరుసటి ఏడాది.)

అపోహ: కారు ఎంత స్పీడైతే అంత త్వరగా చేరతాం.

కాగితం మీద లెక్క వేసి చూడండి. వంద కిలోమీటర్లు 130లో వెళ్తే 46 నిమిషాలు. 200లో వెళ్తే అరగంట. మిగిలేది 16 నిమిషాలు, అదీ వంద కిలోమీటర్లూ ఒక్క లారీ అడ్డురాకుండా, ఒక్క బోర్డు లేకుండా పోతేనే. గాలి మాత్రం ఊరుకోదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. 130 నుంచి 200కు పెంచినా దాదాపు 2.4 రెట్లు పెరుగుతుంది. దాంతో పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బంకు త్వరగా వెతుక్కోవాలి. మిగిలిన 16 నిమిషాలు అక్కడే ఖర్చు. ఈ లెక్కకు పరాకాష్ఠ బుగాటి వేరాన్. గంటకు 400 కిలోమీటర్లు దాటే ఆ కారు పూర్తి వేగంతో పోతే 100 లీటర్ల ట్యాంకు 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆటోబాన్ మీద అనవసరంగా ఆగడం నేరం కాబట్టి, పెట్రోలు అయిపోయి నిలబడ్డా జరిమానా పడవచ్చు.

అపోహ: స్పోర్ట్స్ కారు షోకుకే, దూర ప్రయాణానికి పనికిరాదు.

దీన్ని నమ్మేవాళ్లు ఎక్కువగా ఆ కారు కొనలేనివాళ్లే అని నా అనుమానం. పేర్ల చివర కనిపించే జీటీ అన్న రెండక్షరాలు గ్రాన్ టురిస్మోకు పొట్టిరూపం. ఇద్దరు మనుషులు, వాళ్ల సామాను, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వేగంగా, అలసట లేకుండా పోవడానికి చేసిన కార్లవి. ఇటలీలో 1927 నుంచి 1957 దాకా మిల్లె మిల్యా అనే పందెం నడిచింది. బ్రెషా నుంచి రోమ్ వెళ్లి తిరిగి బ్రెషా రావాలి. సుమారు 1,600 కిలోమీటర్లు, అన్నీ మామూలు రోడ్లే. 1955లో రేసర్ స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్‌లో ఆ దూరాన్ని 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటు గంటకు 157 కిలోమీటర్లు. పక్కన కూర్చున్న పాత్రికేయుడు డెనిస్ జెంకిన్‌సన్ దారిలోని ప్రమాదకరమైన మలుపులను ముందే కాగితపు చుట్ట మీద రాసుకున్నాడు. ఆ చుట్ట పొడవు ఐదు మీటర్ల పైనే. దాన్నో చిన్న పెట్టెలో పెట్టి తిప్పుకుంటూ, ఇంజిన్ హోరులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలతో మాస్‌కు చెప్పాడు. గెలుపులో సగం ఆ కాగితానిదే.

911 సంగతికొస్తే ఇంజిన్ వెనక ఉంటుంది, డిక్కీ ముందుంటుంది. రెండు క్యాబిన్ బ్యాగులు పడతాయి. వెనక సీట్లు చూసి నలుగురం పోవచ్చని లెక్కలెయ్యకండి, అవి చిన్నపిల్లలకు, లేదంటే మూడో బ్యాగుకు.

అపోహ: ఇంజిన్ బలం, పెద్ద బ్రేకులు ఉంటే ఎంత స్పీడైనా భయం లేదు.

కారు రోడ్డును పట్టుకునేది నాలుగు టైర్ల కింద ఉన్న కాస్త రబ్బరుతోనే. ఎన్ని వందల హార్స్‌పవరైనా, ఎంత పెద్ద డిస్కయినా ఆ రబ్బరు ఒప్పుకున్నంతే. మాస్ గెలిచిన రెండేళ్లకు, 1957 మే 12న, అదే పందెంలో గ్విడిజోలో అనే ఊరి దగ్గర అల్ఫొన్సో దె పొర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. అతనూ, పక్కనున్న సహచరుడూ, రోడ్డు పక్కన చూస్తున్న 9 మందీ చనిపోయారు. ఆ 9 మందిలో ఐదుగురు పిల్లలు. రోడ్డు పందెంగా మిల్లె మిల్యా చరిత్ర అక్కడితో ముగిసింది.

బ్రేకుల లెక్క కూడా ఇంజిన్ లెక్కలాగే మోసం చేస్తుంది. మంచి స్పోర్ట్స్ కారు 100లో ఉంటే సుమారు 35 మీటర్లలో ఆగుతుంది. 200లో ఉంటే 70 కాదు, 140 మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదికి పోయేలోపు గడిచే ఒక్క సెకనులో ఇంకో 55 మీటర్లు పోతాయి. పసుపు క్యాలిపర్ల కార్బన్ సిరామిక్ బ్రేకులున్నాయి కదా అంటారు. అవి వేడికి అలసిపోవు, అంతే. మొదటిసారి గట్టిగా తొక్కినప్పుడు ఆగే దూరాన్ని తేల్చేది టైరే.

ఇక ఆ టైర్ల సంగతి. 911 లాంటి కార్లకు వేసవిలో ఉండేవి మెత్తటి రబ్బరువి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే బిగుసుకుపోయి పట్టు కోల్పోతాయి. కింద ఉల్మ్‌లో ఎండ కాస్తున్నా, పైన స్టెల్వియోలో జూన్, సెప్టెంబరు నెలల్లోనూ మంచు పడవచ్చు. చలికాలంలో అద్దెకు తీసుకుంటే చక్రాలకు వింటర్ టైర్లుంటాయి. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద 210 అనో 240 అనో చిన్న స్టిక్కరు ఉందేమో చూడండి. కారు 290 పోగలదని పుస్తకంలో ఉన్నా, ఆ రోజు దాని హద్దు స్టిక్కరు మీద ఉన్న అంకే. వెడల్పు టైరుకు వానలో పట్టెక్కువనుకోవడం కూడా పొరపాటే. వెడల్పయ్యేకొద్దీ నీటిని పక్కకు తొయ్యడం కష్టమై, కారు నీటి మీద తేలే ప్రమాదం పెరుగుతుంది. స్టెప్నీ కోసం వెతకొద్దు, చాలా స్పోర్ట్స్ కార్లకు ఉండదు. ఒక సీసాడు సీలెంటు, ఒక చిన్న కంప్రెసరు ఇస్తారు. మేకు గుచ్చుకుంటే పనికొస్తాయి, టైరు పక్కగోడ చిరిగితే టోయింగ్ బండికి ఫోన్ చెయ్యడమే.

అపోహ: ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు పోస్తే పవర్ పెరుగుతుంది.

ఆక్టేన్ అంకె శక్తిని చెప్పదు. ఒత్తిడికి పెట్రోలు ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. మూత లోపల 98 అని రాసి ఉంటే 98 పొయ్యండి. మీ సొంత చిన్న కారుకు అదే పోసి ఏదో జరిగిందనుకుంటే అది మనసుకు కలిగిన తృప్తి.

అపోహ: స్టెల్వియో అంటే రేస్ ట్రాక్‌తో సమానం.

దాన్ని కట్టింది గుర్రపు బగ్గీల కోసం. ఆస్ట్రియా సామ్రాజ్యం కోరితే కార్లో డొనెగాని అనే ఇంజినీరు 1820, 1825 మధ్య నిర్మించాడు. ఎత్తు 2,757 మీటర్లు. ప్రాడ్ ఊరివైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కోదాని దగ్గర ఒక నంబరు రాయి. కింద 48తో మొదలై, ఎక్కేకొద్దీ తగ్గుతూ వస్తుంది. మలుపు ఎంత ఇరుకంటే ఎదురుగా బస్సు వస్తే రోడ్డంతా దానిదే, మీరు ఆగి చూడాలి. మధ్యలో సైకిళ్లవాళ్లు, మోటారు సైకిళ్లవాళ్లు. 400 హార్స్‌పవర్ కారులో రెండో గేరు దాటి వెయ్యడానికి పెద్దగా సందు దొరకదు. కాంక్రీటు అంచుకు కారు ముందు పెదవి గీరుకుంటే వచ్చే చప్పుడు డిపాజిట్ కరిగిపోతున్న చప్పుడే. లిఫ్ట్ బటన్ ఉంటే ముందు భాగం ఒక నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది, వాడుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించే ఉంచకుండా తక్కువ గేరులో దించాలి. చలికాలమంతా ఈ రోడ్డు మూసేస్తారు.

నన్నడిగితే ఈ ప్రయాణంలో మజా స్పీడులో లేదు. రెషెన్ సరస్సు దగ్గర ఆగి చూడండి. 1950లో ఆనకట్ట నీటిలో గ్రౌన్ ఊరు మునిగిపోయింది. పాత చర్చి గోపురం ఒక్కటే నీటి మధ్య నిలబడి ఉంది.

ఆస్ట్రియా దాటేటప్పుడు మరీ జాగ్రత్త. 2024 మార్చి నుంచి అక్కడ ఊళ్లో లిమిట్ కంటే 60, ఊరి బయట 70 కిలోమీటర్లకు మించి ఎక్కువ వేగంతో పట్టుబడితే కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకుంటారు. అద్దె కారైనా సరే.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఏమైనా అద్దె కంపెనీ చూసుకుంటుంది.

ఒప్పందం చదవండి. రోజుకు ఇన్ని కిలోమీటర్లని, ఫలానా దేశాల్లోకి పోకూడదని, వయసింత ఉండాలని అందులో ఉంటుంది. నూర్బుర్గ్‌రింగ్‌లో 20.8 కిలోమీటర్ల నార్డ్‌ష్లైఫె ట్రాక్‌ను కొన్ని రోజులు డబ్బు కట్టినవాళ్లందరికీ తెరుస్తారు. కానీ మామూలు అద్దె కార్లకు అక్కడ అనుమతి ఉండదు. దొంగచాటుగా తిప్పి గుద్దుకుంటే కారుకు, విరిగిన గార్డ్‌రెయిల్‌కు కూడా మీరే కట్టాలి. మన లైసెన్సుతో అక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే నడపొచ్చు, తర్వాత జర్మన్ పరీక్షలు రాయాల్సిందే. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకుని విమానమెక్కండి. ఒప్పందంలో ఆస్ట్రియా, ఇటలీ రెండు పేర్లూ ఉన్నాయని చూసుకున్నాకే డిపాజిట్ కట్టండి.